ఆర్డరు రాని మేనేజరమ్మ

ఈమధ్య బ్యాంకులో ఆఫీసరుగా చేరిన పక్కింటి అమ్మాయి మా ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ, "మీ రోజుల్లో ఆడవాళ్ళు మేనేజర్లు ఎందుకు కాలేదు మామ్మగారూ? ఎవరూ అడగలేదా?" అంది. పిల్ల మంచిదే. మనసులో ఏమీ లేదు. కానీ ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. "అడిగాం తల్లీ. ఇంకాస్త కాఫీ పోయనా?" అని ఊరుకున్నాను. ఆమె వెళ్ళాక నా మీద నాకే కోపం వచ్చింది. అడిగిన సంగతి చెప్పుకోవడానికి కూడా మొహమాటపడితే ఇంక ఈ వయసు దేనికి? అందుకని ఇది రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. కొందరు పోయారు. కొందరి పిల్లలు నేను కనిపిస్తే దణ్ణం పెడుతుంటారు. పేర్లు లేకపోయినా ఎవరి గురించో వాళ్ళకి తెలుస్తుంది, అది చాలు.

మాది సాలూరు దగ్గర ఒక పల్లె. నాన్న మిషన్ బడిలో పంతులు. ఆడపిల్లకి నర్సు చదువో టీచరు చదువో చెప్పించమని చుట్టాలంతా సలహా ఇస్తే, ఆయన ఎవరి మాటా వినకుండా నన్ను వ్యవసాయ కాలేజీలో చేర్చాడు. అనంతగిరి కొండల్లో ఒక సంస్థ కాఫీ తోటలు వేస్తోందనీ, ఫీల్డ్ అసిస్టెంట్లు కావాలనీ తెలిసి దరఖాస్తు పెట్టాను. ఉద్యోగం వచ్చిన రోజు ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. ఆమెన్ అనగానే అమ్మ కళ్ళొత్తుకుంటూ, "తోటలో ఉజ్జోగం వొద్దే గుంటా. తోటలో పాము మాటిన్న హవ్వమ్మకేటయ్యిందో తెల్దేటి నీకు?" అంది. పాస్టరుగారితో సహా అందరం పగలబడి నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే అంత నవ్వాల్సిన మాట కాదనిపిస్తుంది.

అది డెబ్బైల మొదట్లో. నేను కొండెక్కి చేరిన రోజు మేనేజరుగారు నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఫీల్డ్ అసిస్టెంటు అంటే ఫీల్డులో తిరగాలమ్మా" అన్నారు. అందుకే వచ్చానండి అన్నాను. "జలగలుంటాయి" అన్నారు. మా ఊరి చెరువులోనూ ఉంటాయండి అన్నాను. అడవి జలగలు వేరనీ, అవి ఆకుల మీంచి పాకి మెడలో దూరతాయనీ తరవాత తెలిసింది. ఆయన చెడ్డమనిషి కాదు. కానీ నన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి టైపు కొట్టమన్నారు. టైపు రాదంటే నేర్చుకోమన్నారు. నాతోపాటు అదే డిగ్రీతో చేరిన మగపిల్లలు గమ్‌బూట్లు తొడుక్కుని తోటలోకి పోతుంటే, నేను కూర్చుని వాళ్ళ టూరు బిల్లులు టైపు చేశాను. వాళ్ళలో ఒకడు మలేరియా వచ్చి కొండ దిగిపోతే, మనిషి దొరక్క నన్ను ఫీల్డుకి పంపారు. ఆ రోజుల్లో ఆడదానికి అవకాశం రావాలంటే ఎవరో ఒక మగాడు మంచాన పడాలి.

విశాఖపట్నంలో మగవాళ్ళ గమ్‌బూట్లు కొని, వాటిలో పాతగుడ్డలు కుక్కి, చీర ఎత్తి దోపుకుని తోటలో అడుగుపెట్టాను. అక్కడ చూస్తే పనంతా ఆడవాళ్ళదే. నారు పెంచేది, కలుపు తీసేది, పండు కోసేది అందరూ చుట్టుపక్కల గూడేల ఆడవాళ్ళు. కేకలు వేసేది మాత్రం మగ మేస్త్రీలు. కాఫీ పండు ఎర్రబడ్డాకే కోయాలి. కోసిన రోజే మిషన్లో వేసి తొక్క తీయాలి. పచ్చికాయ కలిస్తే సరుకంతా దండగ. మేస్త్రీలు వెనకనించి అదిలిస్తుంటే, ఆ కేకలు పడలేక వీళ్ళు కొమ్మకి కొమ్మ దూసి పచ్చీ పండూ కలిపి గంపలో పోసేవారు. తిట్లు తిన్నందుకు అదో రకం జవాబు. నేను మేనేజరుగారితో పోట్లాడి, పోట్లాడి, ఆ ఆడవాళ్ళలో ఒకామెని మేస్త్రీని చేయించాను.

ఆమె నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. ముక్కుకి మూడు ముక్కుపుడకలు. నోట్లో ఎప్పుడూ అడ్డపొగ. తెలియనివాళ్ళకి చెబుతున్నాను, అడ్డపొగ అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. ఆ చుట్ట తీయకుండానే అజమాయిషీ చేసేది. మేస్త్రీవి నువ్వే అని చెప్పిన రోజు, "నాను మేస్త్రీనైతే మగోళ్ళు నవ్వుతారమ్మా" అంది. నవ్వనీ అన్నాను. "నవ్వితే నానూరుకోను. ముందే సెప్తన్నాను, మల్లీ నన్ననొద్దు" అంది. మగవాళ్ళు నవ్వారు. ఆమె ఊరుకోలేదు. ఆ సీజన్లో పచ్చికాయ కలవడం బాగా తగ్గింది. మిషన్ షెడ్డు పక్కన ఒక పాక వేయించి, పసిపిల్లల్ని చూడటానికి ఒక ముసలమ్మని పెట్టాం. తల్లులు మధ్యలో వెళ్ళి పాలిచ్చి వచ్చేవారు. "కాఫీ తోటా, పురుళ్ళ ఆసుపత్రా?" అని మేనేజరుగారు వేళాకోళం చేసేవారు గానీ, పాక మాత్రం పీకించలేదు.

డెబ్బైల చివరికి వచ్చేసరికి ఆయనకి గుండెజబ్బు వచ్చి సెలవు పెట్టి విశాఖ వెళ్ళిపోయారు. వెళుతూ తాళాలగుత్తి నా బల్ల మీద పెట్టి, "చూస్తూ ఉండమ్మా, ఆర్డరు వస్తుంది" అన్నారు. తాళాలు వచ్చాయి గానీ ఆర్డరు రాలేదు. సీజను మీద సీజను గడిచిపోయింది. నర్సరీ, కోతలు, నీడచెట్ల కొమ్మలు నరికించడం, లారీలు ఎక్కించడం, కూలీల తగాదాలు, అన్నీ నావే. సంతకం చేసినప్పుడు మాత్రం 'మేనేజరు తరఫున' అని రాసి చేయాలి. బంగళా ఖాళీగా గబ్బిలాలకి వదిలేసినా, నేను గోడౌను వెనక గదిలోనే ఉండాలి. బంగళా మేనేజరుది కదా మరి. చాకిరీ నాకు, హోదా ఖాళీ కుర్చీకి. కూలీలకి ఈ మెలికలేమీ పట్టలేదు. వాళ్ళు నన్ను మేనేజరమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. నేను కాదనలేదు. కాదనడానికి మనసొప్పలేదు.

ఆర్డరు కోసం తిరిగాను. తిరగ్గా తిరగ్గా హెడ్డాఫీసు వాళ్ళు విశాఖకి పిలిచి ఇంటర్వ్యూ చేశారు. కాఫీ గురించి ఒక్క ప్రశ్న లేదు. పెళ్ళెప్పుడు చేసుకుంటావన్నారు. చేసుకుంటే ఆయన కొండెక్కుతాడా, నువ్వు కొండ దిగుతావా అన్నారు. జీపు ఎవరు నడుపుతారన్నారు. నేనే నడుపుతానంటే ఒకాయన పక్కాయన వంక చూసి కళ్ళెగరేశాడు. చివరికి మా అందరికీ పై అధికారి, పెద్దసారు, గొంతు సవరించుకుని అసలు ప్రశ్న అడిగారు. "కూలీలంతా ఆడవాళ్ళే అంటున్నావు. ఆడవాళ్ళు ఆడదాని మాట వింటారా అమ్మా? ఇళ్ళల్లో అత్తాకోడళ్ళని రోజూ చూస్తూనే ఉన్నాం."

"వింటారు సార్. వచ్చి చూడండి."

"వస్తాను. నా కళ్ళతో చూసి అక్కడే సంతకం పెడతాను. సరేనా?" అన్నారు. నేను మెట్లు దిగలేదు, ఎగురుకుంటూ వచ్చాను.

అప్పటికి నా కింద ఒక జూనియరు ఉన్నాడు. మైదాన ప్రాంతం కుర్రాడు, నెమ్మదస్తుడు. నా దగ్గరే పని నేర్చుకున్నాడు. తొట్టెలో నానిన గింజని అరచేతిలో రుద్ది, జిగురు పోయిందో లేదో చెప్పడం నేనే నేర్పాను. మేడమ్ అనకుండా మాట మొదలుపెట్టేవాడు కాదు. నాకు ఆర్డరు రాకపోతే ఆ కుర్చీ అతనికే వస్తుందని ఇద్దరికీ తెలుసు. ఆ సంగతి ఇద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. మా ఇంటి నుంచి ఆవకాయ వస్తే సగం అతనికే పెట్టేదాన్ని.

పెద్దసారు వస్తానన్న వారం సరిగ్గా చైత్రంలో ఇటుకల పండగ మీద పడింది. కొండల్లో అది వేట పండగ. ఆ రోజుల్లో మగవాళ్ళందరూ అడవికి వేటకి పోవాలి. ఉత్తచేతులతో తిరిగొచ్చినవాడికి ఊళ్ళో ఆడవాళ్ళు పేడనీళ్ళతో ఎదురొస్తారు. అప్పటికే అడవిలో వేటాడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదు కాబట్టి పేడకి కొదవ ఉండేది కాదు. మగవాళ్ళు అడవిలో ఉన్నంతకాలం రోడ్డు ఆడవాళ్ళది. వెదురుబొంగు అడ్డం పెట్టి, నడుములు పట్టుకుని ధింసా ఆడుతూ, వచ్చేపోయే ప్రతి మగవాడి దగ్గరా పండగ పైసలు పుచ్చుకుని వదులుతారు. ఇవ్వనన్నవాడు ఎంత గొప్పవాడైనా పేడనీళ్ళు తప్పవు. అందులో కక్ష లేదు, కోపం లేదు. ఏడాది పొడుగునా తాము పడ్డ మాటల నుంచి అదొక్కటే వాళ్ళకి సెలవు. లారీ డ్రైవర్లు, బస్సు కండక్టర్లు, పోలీసులు కూడా జేబులో చిల్లర వేసుకునే ఘాటు రోడ్డు ఎక్కేవారు. కోపం నటిస్తూ బేరమాడటం కూడా ఆ ఆటలో భాగమే. మా జూనియరు కిందటేడు అలాగే ఆడి, బుగ్గన పేడ పూయించుకుని, నవ్వుకుంటూ వచ్చాడు. నేను ఏటేటా వెదురుకి ఇవతలి వైపు, ఆడవాళ్ళతో నిలబడేదాన్ని.

తేదీ మార్చమని హెడ్డాఫీసులో హెడ్‌క్లర్కుగారికి ఫోన్ చేసి బతిమాలాను. మర్నాడు ఆయన, "పెద్దసారుకి చెప్పానమ్మా. 'ఆడవాళ్ళ పండగలకి ఇన్‌స్పెక్షన్లు ఆపుతారా? రేపు ఆవిడ మేనేజరైతే ముగ్గులకి కూడా వాయిదా అడుగుతుంది' అన్నారు. ఇంక నేనేమనగలను?" అన్నాడు. ఆయన గొంతులోనూ నవ్వుంది.

సరే, మేస్త్రీతో చెప్పాను, పెద్దసారు వచ్చే ఆ ఒక్క జీపుని ఆపొద్దని. ఆమె చుట్ట నోట్లోంచి తీసి మరీ జవాబు చెప్పింది.

"అది మా సేతిలో లేదమ్మా. ఒకుడ్ని ఆపి ఒకుడ్ని ఒగ్గేత్తే అది పండగేటి? కలెట్రుబాబు జీపునే ఆపినాం. నవ్వుతా ఆపుతాం, నవ్వుతా ఒగ్గేత్తాం. మన గుంటడు జీపులోనే ఉంటాడు గదా, ఆడు సెప్పడేటి?"

నా ధైర్యం కూడా అదే. పెద్దసారుని కొండ కింద ఎస్.కోట నుంచి తీసుకురావడానికి వెళ్ళేది మా జూనియరే. "ఘాటు ఎక్కకముందే సారుకి పండగ సంగతి చెప్పు" అని అతనికి చెప్పాను. "అలాగే మేడమ్" అన్నాడు. అయినా నేను వెళ్ళి వెదురు దగ్గర నిలబడతానంటే మేస్త్రీ ఒప్పుకోలేదు. "నువ్వు బంగళా కాడ ఉండాల. రోడ్డు మీద మాతోపాటు సిందులేత్తే పెద్దబాబు ఏటనుకుంటాడు? ఎల్లెల్లు" అని తరిమేసింది.

ఆ ఉదయం తోట ఎంత బాగుందో చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ముందు పడిన రెండు వానలకి కాఫీ పూసింది. కొమ్మలన్నీ తెల్లగా అయిపోయి, మల్లెపూల వాసన. ఆ పూత వారం కూడా ఉండదు. పెద్దసారు అదృష్టవంతుడు, సరిగ్గా పూతకి వస్తున్నాడు అనుకున్నాను. షెడ్డు కడిగించి, తొట్టెలు తోమించి, ఇస్త్రీచీర కట్టుకుని వరండాలో నిలబడ్డాను. జీపు రాకముందే హారన్ వినిపించింది. మలుపు దగ్గర ఆపకుండా కొడుతున్నారు.

అక్కడ జరిగింది తరవాత డ్రైవరు చెప్పాడు, ఆడవాళ్ళు చెప్పారు. అందరి మాటా ఒకటే. వెదురు చూసి డ్రైవరు జీపు ఆపాడు. ఆడవాళ్ళు చుట్టూ చేరి పాట ఎత్తుకున్నారు. కొండల్లో గొడవలూ, పోలీసు క్యాంపులూ సద్దుమణిగి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. కొండజనం జీపుకి అడ్డంపడేసరికి పెద్దసారుకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎవరు వీళ్ళు?" అన్నారట.

"మన తోట కూలీలే సార్" అన్నాడు మా జూనియరు. అంతే. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు.

కూలీలని తెలియగానే పెద్దసారుకి భయం పోయి కోపం వచ్చింది. జీపు దిగి, దారి వదలకపోతే ఒక్కొక్కళ్ళనీ పనిలోంచి పీకించేస్తానని అరిచారు. వీళ్ళు ఇంకా నవ్వారు. ఈ బాబు కోపం బాగా నటిస్తున్నాడనుకున్నారు. మిగతా మగవాళ్ళలాగే పైసలు ఎగ్గొట్టే ఎత్తు అనుకున్నారు. మా మేస్త్రీ నడుం మీద చెయ్యి పెట్టుకుని ముందుకొచ్చి, "నీ మాట మాకేటి బాబూ? మా మేనేజరమ్మ సెప్తే ఇంటాం. మాకు ఆయమ్మే పెద్ద" అంది. అనేసి, గుప్పెడు పేడనీళ్ళు తీసి ఆయన తెల్లచొక్కా మీద కొట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. నా మాట చెల్లుతుందని పెద్దబాబుకి సాక్ష్యం చెప్పానన్న ఆనందంతో ఆమె వెదురు ఎత్తి దారి ఇచ్చింది.

పెద్దసారు బంగళాలో చొక్కా మార్చుకుని వరండాలో కూర్చున్నారు. తోటలోకి అడుగు పెట్టలేదు. ఆ పూత వైపు కూడా చూడలేదు. పండగ సంగతి నేను మొదటి నుంచీ చెప్పాను. "మా జూనియర్ని అడగండి సార్, అతనికీ తెలుసు" అన్నాను. అతను మెట్ల కింద నిలబడి బూటుతో మట్టి గీకుతున్నాడు. "నా చొక్కా మీద పడిందేమిటో నాకు తెలుసు. ఇంకొకరిని అడగక్కర్లేదు. ఇది సమ్మె. నువ్వు వెనకుండి చేయించావు" అన్నారు పెద్దసారు.

"ఆడవాళ్ళు ఆడదాని మాట వింటారా అని మీరే అడిగారు సార్."

"వింటున్నారమ్మా. మరీ ఎక్కువ వింటున్నారు. నేను చెబితే వినరట, నువ్వు చెబితే వింటారట. మరి ఈ తోట ఎవరిది?"

నాకు నవ్వొచ్చింది. రాకూడని చోట వచ్చింది, ఆపుకున్నాను. అమ్మాయిలూ, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. కింద పనిచేసేవాళ్ళు మాట వినకపోతే ఆడది చేతకానిదంటారు. వింటే ఆడది ప్రమాదమంటారు. ఈ రెంటికీ మధ్య నిలబడటానికి చోటు ఎక్కడుందో నేను రిటైరయ్యేదాకా వెతికాను.

నేనే పెట్టిన కాఫీ తాగాక ఆయన మెత్తబడ్డారు. "చూడు, నేను చెడ్డవాణ్ణి కాను. నీ ఆర్డరు తయారు చేయించుకునే వచ్చాను. ముందు నిలబడ్డవాళ్ళు నలుగురున్నారు. పేడ కొట్టినదాన్నీ, ఆ ముగ్గుర్నీ రేపటి నుంచి తోటలోకి రానివ్వనని చెప్పు. పేర్లివ్వు. ఇప్పుడే సంతకం పెడతాను. మేనేజరంటే ఏమిటో నీకు తెలిసిందని నమ్ముతాను" అన్నారు.

నేనేమీ సన్యాసిని కాను. ఆ ఆర్డరు నాకు కావాలి. ఎంత కావాలో మాటల్లో చెప్పలేను. బంగళాలో స్నానాలగది ఉంది, నా గదికి లేదు. ఇన్నేళ్ళూ తెల్లారకముందే లేచి చాటు వెతుక్కున్నదాన్ని. నా సంతకం కింద ఇంకొకడి హోదా లేకుండా ఒక్క కాగితం పంపాలని ఉండేది. నాన్న బతికుండగా ఆ ఆర్డరు ఆయన చేతిలో పెట్టాలని ఉండేది. కానీ నలుగురి పేర్లు అనగానే ఏటా వెదురు దగ్గర ముందుండే నలుగురి ముఖాలు కనిపించాయి. వాళ్ళలో ఒకామె చంటిబిడ్డ తల్లి.

"వాళ్ళు తప్పు చేయలేదు సార్. పేర్లివ్వను" అన్నాను.

ఆయన లేచారు. "మగవాడైతే ఇచ్చేవాడు. ఆడవాళ్ళతో ఇదే చిక్కు. బుర్రతో కాదు, మనసుతో ఆలోచిస్తారు" అన్నారు. మీరు ఆలోచించింది తడిసిన చొక్కాతో అని నేను అనలేదు. అనాల్సింది.

కొన్నాళ్ళకి ఆర్డరు వచ్చింది, మా జూనియరు పేరు మీద. అతను నా గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "మీరేమీ అనుకోకండి మేడమ్" అన్నాడు.

"ఘాటు ఎక్కకముందే చెప్పమన్నాను కదా?"

"చెబుదామనే అనుకున్నాను మేడమ్. సారు వేరే మాటల్లో ఉన్నారు."

"మరి వెదురు దగ్గర?"

"ఎవరని అడిగారు, చెప్పాను. ఎందుకని అడగలేదు."

అతని ముఖం వంక చూశాను. సిగ్గో, భయమో, కనీసం గర్వమో కనిపిస్తుందేమోనని. ఏదీ లేదు. అబద్ధమాడలేదు కాబట్టి తను తప్పు చేయలేదని నిజంగానే నమ్ముతున్నాడు. అలాంటివాళ్ళతో పోట్లాడలేం. ఆవకాయ సీసా ఉంది, తీసుకెళ్ళమన్నాను. తీసుకెళ్ళాడు కూడా.

కుర్చీలో కూర్చోగానే అతను చేసిన మొదటి పని ఆ నలుగురి పేర్లూ పైకి పంపడం. జీపులోంచి చూసినవాడే, అందరూ తెలిసినవాళ్ళే. మా మేస్త్రీ పేరు మొదట ఉంది. మగ మేస్త్రీలు మళ్ళీ వచ్చారు, వాళ్ళ కేకలూ వచ్చాయి. పిల్లల పాకలో ఎరువు బస్తాలు వేశారు. తల్లులు చంటిపిల్లల్ని చెట్ల కింద గోనె మీద పడుకోబెట్టి, చీమలు కుడితే ఏడుస్తుంటే, కొమ్మ వదలకుండా కోసేవారు. నేను అడగబోతే, "మీరు ఫీల్డు చూడండి మేడమ్, లేబరుని నేను చూసుకుంటాను" అన్నాడు. మేడమ్ అనడం మాత్రం మానలేదు.

మరుసటేడు పండగకి పెద్దసారు మళ్ళీ వచ్చారు. ఈసారి అంతా ముందే ఏర్పాటు. వెదురుకి బంతిపూల దండలు కట్టారు. ఆడవాళ్ళకి ఒకే రంగు చీరలు పంచారు. పేడనీళ్ళకి బదులు పన్నీరు. పెద్దసారు నవ్వుతూ నోటు తీసి ఇస్తుంటే ఫొటో తీశారు, అది పేపర్లో వచ్చింది. గిరిజనుల ఆచారాలంటే ఆయనకి ఎంత గౌరవమో కింద రాశారు. పాటకి అర్థం చెప్పడానికి నన్ను పిలిచారు. చెప్పాను. వచ్చిన మగవాళ్ళని దున్నపోతులంటున్నారన్న చరణం మాత్రం వదిలేశాను.

తరవాత నాకు పెళ్ళయింది. ఆయన ఆశ్రమ పాఠశాలలో మాస్టారు. ఆయనే కొండెక్కి వచ్చాడు. ఇంటర్వ్యూలో అంత కంగారుగా ఆ ప్రశ్న అడిగినవాళ్ళు జవాబు వినడానికి మళ్ళీ పిలవలేదు. ఒకరి తరవాత ఒకరుగా వచ్చిన మేనేజర్లకి గింజ రుద్ది చూడటం నేర్పుతూ, సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. వీడ్కోలు సభలో "ఈ తోటకి తల్లి లాంటిది" అన్నారు. తల్లులకి జీతం పెంచక్కర్లేదు కదా.

ఇంత చెప్పినా అసలు చేదు ఇంకా చెప్పలేదు. అది పెద్దసారు పెట్టింది కాదు, మా జూనియరు పెట్టింది కాదు.

పనిలోంచి తీసేశాక మా మేస్త్రీ తోట వైపు రావడం మానేసింది. రోడ్డుపనిలో రాళ్ళు మోస్తోందని విన్నాను. ఆ ఏడు వానలు వెళ్ళాక ఒక శుక్రవారం అరకు సంతలో కనిపించింది. గోనె పరిచి అల్లం, పసుపు కుప్పలు పోసుకుని కూర్చుంది. చిక్కిపోయింది. నన్ను చూసి నవ్వి, పక్కన చోటు చూపించింది. కూర్చున్నాను. కాసేపు అవీ ఇవీ మాట్లాడాక, నాలుక చివర ఆడుతున్న మాట అనేశాను. "నేను మీ పేర్లు చెప్పలేదే. ఆర్డరు పోయినా చెప్పలేదు." ఎందుకన్నానో నాకు తెలుసు. ఒక్క మంచిమాట కోసం అన్నాను. అన్నీ పోయాక అదొక్కటైనా నాకు మిగలాలి కదా.

"తెలుసమ్మా. కొండంతా సెప్పుకున్నారు" అంది. అల్లం మీద మట్టి దులిపింది. తరవాత నా వైపు చూడకుండా, "సెప్పీసుంటే బాగుణ్ణు" అంది.

సరిగ్గా వినలేదేమో అనుకున్నాను.

"నువ్వు సెప్పినా మా నలుగురం పోదుం. సెప్పకపోనా పోనాం గదా. నువ్వు సెప్పీసుంటే బంగళాలో నువ్వుందువు. పాకలో గుంటలుందురు. మిగిలినోళ్ళకి ఈ కేకలు తప్పును."

"నీ కూడు నా చేత్తో తీసేయమంటావా? నీ పేరు నా నోటితో చెప్పాలా?" నా గొంతు లేచింది. పక్క గోనె మీద కూర్చున్నవాళ్ళు ఇటు తిరిగి చూశారు. పెద్దసారు మీద కూడా అంత కోపం రాలేదు నాకు.

"నా పేరే ముందు సెప్పాల. పేడ కొట్టింది నానే గదా?" అంది, నిదానంగా. "బతకనేర్సినోళ్ళం, రాయి మోత్తాం, అల్లం అమ్ముతాం. మాకేటి? మమ్మల్నొక్క మాట అడిగినావేటి?"

ఆమె నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి రాళ్ళు మోసి బిరుసెక్కింది.

"ఎర్రి తల్లీ, ఆ కుర్సీ నీదనుకున్నావేటి? అది మాది. దాన్లో నువ్వు కూకుంటావని ఎదురుసూసినాం" అంది.

అంతలో ఎవరో బేరానికి వచ్చారు. ఆమె నా చెయ్యి వదిలేసి తక్కెడ అందుకుంది.